ఇరవై కన్నాల బల్ల, ఆరు కుండలు

ఓస్తియ రేవు నుంచి, ఏప్రిల్ నెల నడిమినాడు

అక్క నుమీసియకు తమ్ముడు కేలెర్ రాసేది. నువ్వు కులాసాగా ఉంటే మంచిది. నేను కులాసాగానే ఉన్నాను.

ఈ ఉత్తరం కూర్చుని చదువు. మన అర్నేసియకి నేను మరుగుదొడ్డి కట్టిస్తున్నాను. గోడచాటు గొయ్యి అనుకునేవు, అది కాదు. మూడు గోడల పొడవునా చలువరాతి బల్ల, బల్లకి ఇరవై కన్నాలు. కింద కొండకాలువ నీళ్ళు పారుతూ ఉంటాయి, ఎవరు ఏం వదిలినా వెంటనే ఊరు దాటిపోతుంది. కాళ్ళ ముందు ఇంకో సన్న కాలువ. పుల్లకి గుచ్చిన స్పాంజి అందులో ముంచి, శుభ్రం చేసుకుని, కడిగి, ఉప్పునీళ్ళ బానలో పెట్టేసి రావడమే. గూట్లో అదృష్టదేవత బొమ్మ ఉంటుంది. ఓస్తియలో మనుషులు ఇలా బతుకుతున్నారు.

మన ఊళ్ళో ఎలా బతుకుతున్నారో తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఒకడు ద్రాక్షతోట కంచె వెనక, ఒకడు సమాధిరాయి వెనక. "ఇక్కడ కూర్చున్నవాడు నాశనమైపోను" అని ప్రతి గోడ మీదా రాసి ఉంటుంది, ఆ రాత కిందే కూర్చుంటారు. ఇళ్ళల్లో అయితే వంటింట్లో పొయ్యి పక్కనే గొయ్యి. మనింట్లో ఓ పక్క పప్పు ఉడుకుతుంటే ఓ పక్క నాన్న మూలుగుతూ ఉండేవాడు, గుర్తుందా? నాకు ఇప్పటికీ పప్పు సయించదు.

వచ్చే మార్చిలో మన ఊరి వీధుల అధికారి పదవికి నిలబడుతున్నాను. వీధులూ సంతా నీళ్ళూ ఆ అధికారి చేతిలోనే ఉంటాయని నీకు తెలుసు. ఊరికి ఏదో ఒకటి కట్టించనివాడికి ఓటెవరు వేస్తారు? మన ఊరి సభలో పెద్దాయన కొస్సూతియస్ గారు నా పక్షాన మాట్లాడతానన్నారు.

ఒక్క చిక్కుంది. వీధి మూలల్లో నీ కుండలు ఆరున్నాయి. అవి తీసెయ్యాలి. కిందటేడు ఓస్తియ నుంచి నా స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చాను కదా. చేపలసందు మూల మలుపు తిరిగామో లేదో, గాడిదలవాడొకడు గుడ్డ పైకెత్తి ఆ కుండలో పోస్తున్నాడు. నా స్నేహితుడు ముక్కు మూసుకుని "ఎవరిదయ్యా ఈ కుండ?" అన్నాడు. నాకు తెలియదన్నాను. ఇంకేమనను చెప్పు?

ఒంట్లో జాగ్రత్త. నాకు నులిపురుగులు మాత్రం వదలడం లేదు. వైద్యుడు వెల్లుల్లి తినమన్నాడు.

నీ తమ్ముడు కేలెర్


అర్నేసియ నుంచి, మే నెల తొలినాటికి మూడు రోజులుందనగా

ఒరేయ్ కేలెర్,

నేను కులాసాగా లేను. నీ ఉత్తరం చదివాక నువ్వూ కులాసాగా ఉన్నావన్న నమ్మకం పోయింది.

మరుగుదొడ్డి అన్నావు. మరుగెక్కడుందిరా అందులో? ఇరవై మంది వరసగా కూర్చుని, పక్కవాడి మోకాలు తగులుతుంటే, "ఏమండీ, రేవులో నూనె ఓడ వచ్చిందటగా" అని కబుర్లాడుకోవడమా? నీ ఇంటి అద్దె ఒప్పందం కూడా అక్కడే కూర్చుని కుదుర్చుకున్నావని ఇదివరకు నువ్వే రాశావు. మా ఊరి గాడిదలు నయం, ఆ పని చేసేటప్పుడు ఒప్పందాలు కుదుర్చుకోవు.

ఇరవై కన్నాలకి స్పాంజిలెన్నో రాయలేదు. నాలుగా? అయిదా? అంటే నీ ముందువాడి ముడ్డి తుడిచినదే నీకూ, నీదే నీ తరవాతివాడికీ. అన్నం గిన్నెలో ఇంకొకరు చెయ్యి పెడితే చిన్నప్పుడు నువ్వు చేసిన రభస ఊరంతా విన్నది. ఇప్పుడు ఓడ దిగిన ప్రతివాడితోనూ దీంట్లో పొత్తు కలుపుకుంటున్నావు. మా ఇంట్లో పొయ్యి పక్క గొయ్యే, నిజమే. కానీ ఎవరి చెంబు వాళ్ళది, ఎవరి గుడ్డ వాళ్ళది. నీ వైద్యుడు వెల్లుల్లి దాకా వెళ్ళాడు కానీ స్పాంజి దాకా వెళ్ళలేదు. వాడూ అక్కడే కూర్చుంటాడు కాబోలు.

ఇక కుండల సంగతి. ఎవరిదో తెలియదన్నావా? చేపలసందు మూల కుండ నాన్నది. పాతది పగిలితే కొత్తది తన భుజం మీద మోసుకొచ్చి పెట్టాడు. అప్పుడు నువ్వు నా చంకలో ఉన్నావు. ఊరంతా దాన్ని ఇప్పటికీ నాన్న మూల అంటుంది, నీకు మాత్రం తెలియదు.

ఓస్తియలో పడి మరిచిపోయుంటావు కాబట్టి చెబుతున్నాను. ఆ ఆరు కుండలు నిండితేనే మన బట్టలుతికే కొట్లో తొట్లు నిండుతాయి. తొట్లలో ఆ ఉచ్చ వారం పది రోజులు మురిగితేనే ఉన్నిలో జిడ్డు వదులుతుంది. దాంట్లో మడమలు పగిలేలా తొక్కితేనే తెలుపొస్తుంది. చవుడు మట్టీ, గంధకం పొగా, సుద్దా అన్నీ ఆ తరవాతే. ఊరంతా వెళ్ళి నీ కాలువలో పోస్తే నేను దేంతో ఉతకను, కన్నీళ్ళతోనా? మా ఆయన పోయాక ఈ కొట్టు తప్ప నాకేముంది? తొక్కేవాళ్ళు ఎనిమిది మంది నన్ను నమ్ముకుని ఉన్నారు. ముసలి అగాథో పాదాలు చూస్తే నీకు నిద్ర పట్టదు.

నువ్వు చదివిన చదువు, నువ్వు ఓస్తియ వెళ్ళిన ఓడ, పెద్దమనిషినని నువ్వు ఒంటికి చుట్టుకున్న మొదటి తోగా, అన్నీ ఆ కుండల్లోంచి వచ్చినవే. కుండల జోలికి రాకు. నువ్వు కట్టించేది అంత గొప్ప కట్టడమైతే తలుపు మీద నీ పేరెందుకు, నాన్న పేరే చెక్కించు. పైనున్న ఆయనకి చల్లగా ఉంటుంది.

ఉంటాను. నువ్వు అడగకపోయినా పప్పు ఇప్పటికీ ఆ పొయ్యి మీదే వండుతున్నాను.

నుమీసియ


ఓస్తియ నుంచి, జూన్ నెల నడిమినాటికి రెండు రోజులుందనగా

అక్కా,

నీ ఉత్తరంలో మొదటి మూడొంతులూ చదివి చించేద్దామనుకున్నాను. చివరి మాట చదివాక మనసు కరిగిపోయింది. నాన్న పేరు! నాకెందుకు తట్టలేదో. నీ నోరు ఎప్పుడూ ఇంతే, లోపల వెన్న, పైన ముళ్ళు. ఆ రోజే శిల్పికి చెప్పాను. తలుపు మీద బారెడు అక్షరాలతో "నుమీసియస్ పేరిట, అతని కొడుకు కేలెర్ కట్టించినది" అని చెక్కుతున్నారు. నీ కోరిక తీరింది.

సభ మొన్న ఒప్పుకుంది. మరుగుదొడ్డి తెరిచే రోజు నుంచి ఊరి గోడల లోపల మూత్రం కుండలు ఉండకూడదని తీర్మానం కూడా చేశారు. ఆ షరతు నేను పెట్టిందే. దాపరికమెందుకు?

కొట్టు మూసెయ్యి అక్కా. నీ వయసులో ఇంకా ఆ కంపులో దేనికి? ఓస్తియ వచ్చెయ్యి. మా మేడలో మూడో అంతస్తులో గది ఖాళీ అవుతోంది. ఒక్కటే జాగ్రత్త, పొద్దున్నే వీధిలోకి దిగేటప్పుడు పైకి చూసుకుంటూ దిగాలి, నాలుగో అంతస్తువాళ్ళు కుండలు కిటికీలోంచే కుమ్మరిస్తారు. మిగతా అంతా నాగరికమే. ఇరుగుపొరుగు అడిగితే నాన్నది బట్టల వ్యాపారమని చెప్పు. నేను అలాగే చెప్పాను.

స్పాంజి గురించి నీ వెటకారం మీ కొండవాళ్ళకే చెల్లు. స్పాంజి సముద్రంలో పుట్టింది, ఉప్పునీళ్ళలో పెడితే దానంతట అదే శుద్ధి అవుతుంది. ఇక్కడ పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. పురుగులు వచ్చేది తడి ఒంటి తత్త్వం వల్ల. వైద్యుడు ఇప్పుడు చన్నీళ్ళు పోసుకోమంటున్నాడు. వెల్లుల్లి మానలేదు.

నీ కేలెర్


అర్నేసియ నుంచి, నవంబరు నెల తొలినాడు

నాగరికుడైన కేలెర్‌కు, కంపుకొట్టే అక్క రాసేది.

నీ మరుగుదొడ్డి తెరిచారు. నువ్వు రాలేదు, రేవులో ధాన్యం ఓడలొచ్చాయటగా. కొస్సూతియస్ గారు నీ బదులు మాట్లాడి, మొదటి కన్నం మీద ఆయనే కూర్చుని లేచారు. ఊరు చప్పట్లు కొట్టింది. కొండ మీంచి అప్పుడే దిగిన నీళ్ళు కింద పారుతుంటే చలువరాయి ఎలా ఉంటుందో ఆయన మొహం చూస్తే తెలిసింది. నీ ఓస్తియలో ఎండ ఉంటుంది, ఇక్కడ అక్టోబరులోనే మంచు.

నీ స్పాంజిల సంగతి చెప్పమంటావా? పన్నెండు పుల్లలు పంపావు. రెండో రోజు పొద్దున్నకి పన్నెండు పుల్లలూ ఉన్నాయి, స్పాంజి ఒక్కటీ లేదు. ఈ కొండ మీద సముద్రపు స్పాంజి ఎవరు చూశారు? రొట్టెల వీబియస్ భార్య దాంతో పిండిబల్ల తుడుస్తోంది. "ఏమ్మా, అది దేనికి పంపారో తెలుసా?" అన్నాను. "తెలుసులే అక్కా, కడుక్కునే తెచ్చాను. ఎంత మెత్తగా ఉందో, దానికి వాడటానికి మనసెలా వస్తుంది?" అంది. ఊరంతా ఆమె దగ్గరే రొట్టె కొంటోంది. నేను మానేశాను.

ఇప్పుడు పుల్లలకి నాచు చుట్టుకుంటున్నారు. అది కాలువలోకి పోయి రెండు సార్లు అడ్డం పడింది, నీళ్ళు పైకి తన్నాయి. ఎవరి మీదకి తన్నాయో రాయను, నీకు ఓటు వేసేవాడే.

తలుపు మీద నాన్న పేరు చూశాను. నేను వెక్కిరించాన్రా బుద్ధిలేనివాడా! వెక్కిరింపుకీ కోరికకీ తేడా తెలియకుండా నిన్ను ఎలా పెంచాను? ముప్పై ఏళ్ళు ఊరి ఉచ్చ తొక్కి బట్టలు తెల్లగా చేసినవాడి పేరు, ఆయన కొట్టు మూయించే దొడ్డి మీద చెక్కించావు. ఆ అక్షరాలు చదివి అగాథో అక్కడే కూలబడి ఏడ్చాడు. నేను ఏడవలేదు, నాకు ఒళ్ళు మండింది.

కుండలు తీసుకుపోయారు. నాన్న మూల కుండ లాగబోతే పగిలింది. పెంకులు మా గుమ్మంలో పడేసి వెళ్ళారు. తొట్లలో ఉన్నదానితో నెల లాక్కొచ్చాను. ఇప్పుడు గుడి బట్టలు ఇస్తే పసుప్పచ్చగా వస్తున్నాయి. తొక్కేవాళ్ళలో అయిదుగురిని పంపేశాను. ముగ్గురున్నారు, నాతో కలిపి నలుగురం. నేనూ తొట్లో దిగుతున్నాను.

నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. దొడ్డి తలుపు దగ్గర రెండు కుండలు పెట్టుకోనీ. ఒంటికి వచ్చినవాళ్ళు అందులో పోస్తారు, రెంటికి వచ్చినవాళ్ళు నీ చలువరాయి మీద కూర్చుంటారు. నీ గొప్పకి లోటు రాదు, నా కొట్టు నిలబడుతుంది. ఒక్క ముక్క కొస్సూతియస్ గారికి రాయి.

నుమీసియ


ఓస్తియ నుంచి, జనవరి నెల నడిమినాటికి నాలుగు రోజులుందనగా

అక్కా,

స్పాంజిల దొంగతనం చదివి సిగ్గుతో చచ్చాను. కుక్కకి సింహాసనం వేస్తే ఎక్కి ఏం చేస్తుంది? ఈ సంగతి ఓస్తియలో ఎవరికీ తెలియనివ్వకు. ఇంకో పన్నెండు పంపుతున్నాను, ఈసారి పుల్లకి తీగతో కట్టి ఉంటాయి.

తలుపు దగ్గర కుండలు కుదరవు. చలువరాతి గుమ్మానికి అటొకటి ఇటొకటి ఉచ్చ కుండలా? కొస్సూతియస్ గారికి ఏ మొహంతో రాయను? నువ్వు మొండితనం మానవు. గది ఇంకా ఖాళీగానే ఉంది.

అసలు పని రాస్తున్నాను. మార్చిలో ఓట్లు. పోటీ చేసేవాడు తెల్లగా మెరిసే తోగాతో జనం ముందు నిలబడాలి కదా. ఇక్కడ ఉతికించేవాణ్ణే, కానీ కొస్సూతియస్ గారు ఓ మంచి మాట చెప్పారు. "మన ఊళ్ళోనే చలువ చేయించు, ఊరి చేతి తెలుపు అంటే జనానికి గౌరవం" అన్నారు. అందుకని నా కొత్త తోగా ఈ బండిలో పంపుతున్నాను. చూసినవాడి కళ్ళు చెదరాలి. ఓస్తియ గనక చూస్తే ఓస్తియ కూడా ఈర్ష్య పడాలి. తొట్లో సరుకు లేదని సాకులు చెప్పకు, నాన్న కూతురివి, ఒక్క తోగాకి సరిపడా నీ దగ్గర లేకపోతుందా?

నా ఒంట్లో అలాగే ఉంది. ఇప్పుడు దానిమ్మ తొక్క కషాయం తాగుతున్నాను.

నీ కేలెర్


అర్నేసియ నుంచి, ఫిబ్రవరి నెల తొలినాడు

కేలెర్‌కు,

తోగా అందింది. మంచి ఉన్ని.

కళ్ళు చెదిరేలాగే చేస్తాను, నాన్న మీద ఒట్టు. ఇంత బట్ట తెల్లబడాలంటే నా ఒక్కదాని వల్ల కాదు, ఊరంతా తలో చెయ్యి వెయ్యాలి. ఇల్లిల్లూ తిరిగి నీ పేరు చెప్పి అడుగుతున్నాను. ఎవరూ కాదనడం లేదు.

నుమీసియ


ఓస్తియ నుంచి, మార్చి నెలాఖరుకి అయిదు రోజులుందనగా

నా బంగారు అక్కకు, నెగ్గిన తమ్ముడు రాసేది.

నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, అయినా నా చేత్తో రాయాలి. నెగ్గాను! నా మీద పోటీకి దిగిన గొర్రెల కామందుకి చేతి వేళ్ళకి మించి ఓట్లు రాలేదు. జులై తొలినాటి నుంచి ఊరి వీధులన్నీ నా చేతిలో ఉంటాయి, సంతకీ సభకీ ఓస్తియ నుంచే వచ్చిపోతుంటాను.

ఆ తోగా! అలాంటి తెలుపు నేను ఓస్తియలో చూడలేదు. కొస్సూతియస్ గారింట్లో కట్టుకుని సంతలోకి వస్తుంటే ఎండకి నా కళ్ళే చెదిరాయి. నువ్వు నా కోసం ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగావని చదివినప్పుడు మనసులో ఉన్న కోపమంతా పోయింది. కానీ నువ్వు సంతకి రాలేదేం? కొట్టు తలుపు కూడా వేసి ఉంది. నాకు ఆ రాత్రికే బయలుదేరాల్సి వచ్చింది.

ఒక్క సంగతి నాకు అంతు పట్టలేదు. జనం నన్ను చూసి తెగ నవ్వారు. ఎగతాళి అనడానికి లేదు, అందరూ దగ్గరికొచ్చి ప్రేమగా తోగా పట్టుకుని చూశారు. వీబియస్ మోకాళ్ళ మీద కూర్చుని అంచు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "అబ్బ! ఇసుమంతైనా తెలీట్లేదు. మీ అక్క చెయ్యే చెయ్యి" అన్నాడు. ముసలి అఫ్రియమ్మ భుజం మడత తిరగేసి తిరగేసి చూస్తోంది. "ఏం వెతుకుతున్నావు అవ్వా?" అంటే, "నా వంతు ఎక్కడుందో చూసుకుంటున్నా నాయనా" అంది. కిటికీల్లోంచి ఆడవాళ్ళు కూడా "మా ఇంటిది కూడా ఉంది బాబూ, మరిచిపోకు!" అని అరిచారు. ఆడవాళ్ళకి ఓటు లేదు కదా, పాపం, అయినా అంత అభిమానం.

అరుగెక్కి, "మీరు ఇచ్చిందంతా ఒంటి మీద మోస్తున్నాను, బతికినన్నాళ్ళూ మోస్తాను" అన్నాను. అప్పుడు పడ్డ నవ్వుకి పావురాలు గుడి మీంచి లేచిపోయాయి. కొస్సూతియస్ గారు మాత్రం ఎందుకో మొహం పక్కకి తిప్పుకున్నారు.

ఏమిటి సంగతి? నీకు తెలిసే ఉంటుంది, రాయి.

నీ కేలెర్


అర్నేసియ నుంచి, ఏప్రిల్ నెల నడిమినాడు

వీధుల అధికారి కేలెర్‌కు,

నెగ్గినందుకు సంతోషం. అడిగావు కాబట్టి రాస్తున్నాను. కిందటేడు నువ్వు చెప్పిన మాటే నేనూ చెబుతున్నాను, కూర్చుని చదువు.

నీ తోగా వచ్చేసరికి నా తొట్లలో చెంబెడు లేదు. నెలల కిందటే నీకు రాశాను. నువ్వు సాకులు చెప్పకు అన్నావు. సరే అనుకుని కుండ చంకనెత్తుకుని బయలుదేరాను. నువ్వు అనుకున్నట్టు ఓట్లు అడగడానికి కాదు.

"దేనికమ్మా?" అని ప్రతి ఇంట్లోనూ అడిగారు. "కేలెర్ తోగాకి" అన్నాను. ఉన్నమాటే కదా. ఒక్క గుమ్మం కూడా నన్ను వట్టి చేతులతో పంపలేదురా. చలువరాయి మీద గడ్డకట్టినవాళ్ళు, కాలువ తన్నినప్పుడు తడిసినవాళ్ళు, కుక్కకి సింహాసనమని నువ్వు ఎవరిని అన్నావో వాళ్ళు. ఆ మాట నేనే చదివి వినిపించాను. వీబియస్ పెళ్ళాంపిల్లల్ని అందరినీ లేపి వరసగా నిలబెట్టాడు. "ఇంకో గంట ఆగి రా అక్కా, నీళ్ళు తాగుతాను" అన్నాడు. అఫ్రియమ్మ ముసలిది, మంచం దిగలేక దిగి వచ్చింది. "నాయన తెల్లగా మెరవాలి, నాది కూడా వేసుకో" అంది. కొస్సూతియస్ గారింట్లో పనివాళ్ళు పెద్దాయన వెండిపాత్రే తెచ్చి కుమ్మరించారు. ఆయనది ద్రాక్షసారా వాసన. ఆయన మొహం ఎందుకు తిప్పుకున్నారో ఇప్పుడు తెలిసిందా?

పన్నెండు రోజులు మురగబెట్టి, నేనూ అగాథో తొక్కాం. కసితో తొక్కాం కాబట్టే అంత తెల్లగా వచ్చింది.

ఊరంతా ముందు నీ మీద ఉచ్చ పోసి, ఆ తరవాత నీకు ఓటు వేసిందిరా. కోపం అక్కడ తీరిపోయింది కాబట్టే ఓటు వేసింది. నువ్వు అరుగెక్కి బతికినన్నాళ్ళూ మోస్తానన్నావట. మోయి.

నేను సంతకి ఎందుకు రాలేదంటే, నిన్ను చూస్తే నవ్వు ఆగదని కాదు. నిన్ను చూస్తే ఏడుపొస్తుందని. మన అమ్మ పోయాక నిన్ను బుట్టలో పడుకోబెట్టి ఆ బుట్ట తొట్టి పక్కన పెట్టి తొక్కేదాన్ని. ఆ కంపులోనే నువ్వు హాయిగా నిద్రపోయేవాడివి. బయటికి తీసుకెళ్తే ఏడ్చేవాడివి. నీకు గుర్తుండదు. నాకు గుర్తుంది, అందుకే నువ్వు ముక్కు మూసుకుంటే నాకు అంత బాధ.

ఇక పని మాట. అధికారివయ్యాక ఏడాది పొడుగునా తెల్ల తోగా కావాలి. ఇంకోసారి నేను ఇల్లిల్లూ తిరగను. ఓస్తియలో ఉతికించుకుంటే మన ఊరివాళ్ళు ఆ తెలుపు చూసి ఏమంటారో నీకే తెలుసు. వీధులు నీ చేతిలో ఉన్నాయి. ఆరు కుండలూ ఆరు మూలల్లో పెట్టించు. నాన్న పేరు తలుపు మీంచి తీయొద్దు, ఆ పేరు కింద ఏడో కుండ పెట్టు. నాన్న మూల కుండలో మొదట నువ్వే పోయాలి, సంతరోజున, పట్టపగలు. అప్పుడు తోగా పంపు.

ఇంకో మాట. నీ స్పాంజి నువ్వు విడిగా పెట్టుకో. ఎవరైనా నవ్వితే నవ్వనీ, నవ్వించుకోవడం నీకు అలవాటైందిగా.

నుమీసియ


ఓస్తియ నుంచి, జులై నెల నడిమినాడు

అక్కకు,

నీ ఉత్తరం వచ్చాక మూడు వారాలు తోగా ముట్టుకోలేదు. తరవాత ముట్టుకున్నాను. వాసన ఏమీ లేదు.

తొలినాడు పదవిలోకి వచ్చేటప్పటికి ఆ తోగా మెడ దగ్గర మాసిపోయి, అంచు బురద పట్టి ఉంది. ఓస్తియలో ఉతికించడానికి చెయ్యి రాలేదు. మాసినదానితోనే ప్రమాణం చేశాను. వీబియస్ ముందు వరసలో నిలబడి ఆ మరకనే చూస్తూ ఉన్నాడు.

నా మొదటి ఆజ్ఞ కుండలు. ఏడూ పెట్టించాను. సభలో కొస్సూతియస్ గారు ఏదో అనబోయారు. వెండిపాత్ర సంగతి ఎత్తాను, కూర్చున్నారు.

ఆ తరవాత సంతరోజు నాన్న మూల దగ్గరికి వెళ్ళాను. జనం మూగారు. కొత్త కుండ, మెడ దాకా సున్నం. అంతమందిలో ఎంతసేపటికీ రాదే! చివరికి అఫ్రియమ్మ వెనక నుంచి "నీళ్ళ చప్పుడు చేయనా నాయనా?" అంది. అందరితోపాటు నాకూ నవ్వొచ్చింది, దాంతో అదీ వచ్చింది. చప్పట్లు కొట్టారు. మరుగుదొడ్డి తెరిచిన రోజు అన్ని చప్పట్లు పడలేదని వీబియస్ చెప్పాడు.

నువ్వు కొట్టు తలుపు సందులోంచి చూశావని నాకు తెలుసు. బయటికి రాలేదు. నేనూ లోపలికి రాలేదు. మన ఇద్దరి మొహాలూ అంతే. పంపేసిన అయిదుగురూ తిరిగి పనిలోకి వచ్చారని అగాథో గుమ్మంలోంచి చేతి వేళ్ళు చూపించి చెప్పాడు.

మే నెల నుంచి నా స్పాంజి నేనే సంచిలో వేసుకుని వెళ్తున్నాను. ఇక్కడివాళ్ళు నన్ను కొండవాడు అంటున్నారు. పురుగులు తగ్గాయి. వెల్లుల్లి ఇప్పటికి పని చేసిందంటున్నాడు వైద్యుడు. వాడితో నేను వాదించలేదు.

మొన్న మా మేడలో ఒకాయన నాన్నది ఏ వ్యాపారమని అడిగాడు. బట్టలు ఉతికేవాడని చెప్పాను. దేంతో అని కూడా చెప్పాను. ఆయన కాస్త జరిగి కూర్చున్నాడు.

తోగా ఈ బండిలో పంపుతున్నాను. బాగా తొక్కు. ఈసారి అందులో నా వంతు కూడా ఉంది.

కేలెర్